రాగిపై చర్య లేదు

మా ఆఫీసులో అందరూ చర్యలు తీసుకోవడం మొదలుపెట్టిన కొత్తలో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత జరిగిన గొడవ చూసి అసలు కార్యక్రమానికే చెడ్డపేరు అంటగట్టే మనుషులు కొందరుంటారు.

నా పేరు పరాంకుశం. జిల్లా విద్యా ప్రగతి కార్యాలయంలో సూపరింటెండెంటుని. మెమో మొదలుకుని సంతాప తీర్మానం దాకా, ఈ ఆఫీసు నుంచి బయటికెళ్ళే ప్రతి కాగితానికీ చిత్తుప్రతి రాసేది నేనే. నా వాక్యాలు 'తెలియజేయబడినది', 'ఆదేశించబడినది', 'తిరస్కరించబడినది' అని ముగుస్తాయి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు 'మేము తిరస్కరించాము' అని రాసుకొస్తుంటారు. అలా రాస్తే ఎవరు తిరస్కరించారో జనానికి తెలిసిపోదా? వాళ్ళకి ఓపిగ్గా నేర్పుతుంటాను.

ఆ ఏడాది రాష్ట్ర కార్యాలయం వారు సంపూర్ణ చర్యా సంవత్సరం ప్రకటించారు. జిల్లాలో ఏ నివేదికలోనూ 'చర్య లేదు' అన్న మాట కనపడకూడదు. అది కనిపెట్టడానికి కంప్యూటర్లో చర్యాదర్శిని అనే ఏర్పాటు చేశారు. మేమూ, బళ్ళ వాళ్ళూ పంపిన ప్రతి కాగితాన్నీ అది చదువుకుంటుంది. చర్య జరిగిందని ఉంటే ఆ వరస పచ్చగా మారుతుంది. లేదని ఉంటే ఎర్రబడుతుంది. ఒక్క ఎరుపు కూడా లేని జిల్లాకు షీల్డు ఇస్తారు.

మేం ఉత్సాహంగా దిగాం. ఒక బడిలో పైకప్పు కారుతోందని ఫిర్యాదొస్తే మా ఇంజినీరు వెళ్ళి పైకి చూసొచ్చాడు. చర్య తీసుకోబడినది. ఇంకో బడిలో కోతులు మధ్యాహ్న భోజనం ఎత్తుకుపోతున్నాయన్నారు. భోజన వేళల్లో కోతులకు ప్రవేశం లేదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం. చర్య తీసుకోబడినది. కోతులు ఆ గోడ మీదే కూర్చుని తింటున్నాయని హెడ్మాస్టరు మళ్ళీ రాశాడు గానీ, అది వేరే ఫిర్యాదు కిందికి వస్తుంది.

మా అధికారి భుజంగరావు గారు అప్పటికే తన గదిలో బీరువా మీద షీల్డుకి చోటు ఖాళీ చేయించారు. సరిగ్గా అప్పుడు పడింది ఎరుపు.

"ఏమయ్యా పరాంకుశం, ఎవడీ రాగి?" అన్నారు నన్ను పిలిచి.

కంభాలపాడు బాలికోన్నత పాఠశాల నుంచి వచ్చిన కాగితం అది. పైన 'పరిశీలన' అని ఉంది. మెగ్నీషియం: తీవ్రమైన చర్య. జింకు: చర్య జరిగింది. ఇనుము: నెమ్మదిగా చర్య జరిగింది. రాగి: చర్య లేదు. కింద ఎస్తేరు రాణి, భౌతిక రసాయన శాస్త్ర ఉపాధ్యాయిని అని సంతకం.

"ముగ్గురి మీద తీసుకుని నాలుగోవాణ్ణి వదిలేశారంటే ఏదో ఉంది," అన్నారు సారు గొంతు తగ్గించి. "ఎవరి తాలూకు మనిషో కనుక్కో."

సిబ్బంది జాబితా తిరగేశాను. రాగి అనే ఇంటిపేరుతో ఇద్దరు దొరికారు. ముందుజాగ్రత్తగా ఇద్దరికీ చెరో మెమో పంపాను. అందులో ఒకాయన రిటైరై చాలాకాలమైంది. అయినా పాపం, ఎందుకన్నది అడక్కుండా క్షమాపణ పత్రం రాసి పంపాడు. అంత క్రమశిక్షణ గల మనుషులు ఇప్పుడు దొరకడం కష్టం.

ఆ రోజు అన్నాల దగ్గర ఈ సంగతి చెబితే మా అమ్మాయి గోద పగలబడి నవ్వింది. తను ఆ బళ్ళోనే పదో తరగతి.

"రాగంటే మనిషి కాదు నాన్నా. రాగి ముక్క. యాసిడ్‌లో వేస్తే మిగతావి బుడగలొచ్చి కరిగిపోతాయి. అలా మారిపోవడాన్నే చర్య అంటారు. రాగి మాత్రం అలాగే ఉంటుంది."

"ఎందుకని?"

"దాని గుణం అంతే. మేడమ్ చేసి చూపించారు. మేం చూసిందే మేడమ్ రాశారు."

మర్నాడు ఈ విషయం విని భుజంగరావు గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "లోహమా? అయితే యూనియన్ కూడా ఉండదు. రాసెయ్."

రాగిపై ఇంతవరకు చర్య తీసుకొనకపోవుటకు గల కారణములు తెలుపవలసినదిగా ఎస్తేరు రాణి గారికి మెమో జారీ చేయబడినది.

జవాబు రాయకుండా ఆవిడే వచ్చింది. బక్కపల్చటి మనిషి, చేతిలో క్యారేజీ సంచి. ఆవిడ సర్వీసు ఫైలు నా దగ్గరే ఉంటుంది కాబట్టి వివరాలు నాకు తెలుసు. చాలా ఏళ్ళు కాంట్రాక్టు మీద పనిచేసి, పోయినేడే పర్మనెంటయింది. ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. అంటే మా సారుకి ఇష్టం లేకపోతే ఉద్యోగం ఊడిపోతుంది. ఇంట్లో సంపాదన ఆవిడదొక్కటే.

"సార్, చర్య అన్నది మేం తీసుకునేది కాదండీ," అంది నిలబడే. "రెండు పదార్థాల మధ్య జరిగేది."

"ఎవరూ తీసుకోకుండా దానంతటదే జరిగిన చర్య ఈ ఆఫీసులో నేనెప్పుడూ చూళ్ళేదమ్మా," అన్నారు సారు.

ఆవిడ సంచిలోంచి గాజుగొట్టాలూ, చిన్న సీసాలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ తీసి టేబుల్ మీద పెట్టింది. ఒక గొట్టంలో మెగ్నీషియం ముక్క వేయగానే బుసబుసమని బుడగలు లేచాయి. మూతి దగ్గర వెలిగించిన అగ్గిపుల్ల పెడితే టప్పుమని పేలింది. సారు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నారు.

"చర్యంటే ఇలా ఉండాలి," అన్నారు సంతోషంగా. "ఇతన్ని మనాఫీసుకి డిప్యుటేషన్ మీద వేయించుకోవచ్చా?"

"అది కరిగిపోయిందండీ."

తర్వాత రాగి ముక్క వేసింది. సారూ నేనూ చెరోవైపు నుంచి గొట్టంలోకి తొంగిచూశాం. రాగి అడుగున కూర్చుని, అప్పుడే చింతపండుతో తోమినట్టు మెరుస్తోంది. బుడగ లేదు, చప్పుడు లేదు.

"ఇంకా ఎంతసేపు?"

"ఎంతసేపైనా ఇంతేనండీ. చర్యాశీలత శ్రేణి అని ఒకటుంది. అందులో హైడ్రోజన్‌కి పైనున్న లోహాలు ఆమ్లంలోంచి హైడ్రోజన్ని తోసేస్తాయి. రాగి దాని కిందుంటుంది. తొయ్యలేదు."

"ఓహో, సీనియారిటీ లిస్టు," అన్నారు సారు, మొదటిసారి విషయం బోధపడి. "అందరికంటే పైనెవరు?"

"పొటాషియం అండీ. నీళ్ళు తగిలినా భగ్గుమంటుంది."

"పైవాళ్ళు అంతేలెండి. అట్టడుగున?"

"బంగారం. మామూలు ఆమ్లాలేవీ దాన్ని ఏమీ చేయలేవు."

సారు తన ఉంగరాన్ని ఓసారి తడుముకున్నారు. "బంగారం మీద చర్య జోలికి మనం వెళ్ళం. పరాంకుశం, అది నోట్ చేసుకో. ఇంతకీ ఈ లిస్టు ఎవరు తయారుచేశారమ్మా? అభ్యంతరాలు ఆహ్వానించారా? రాగికి నోటీసిచ్చారా?"

సారు స్వరం మెత్తబడింది. ఆయన స్వరం మెత్తబడితే నాకు ఎప్పుడూ కాస్త భయం.

"ఒక్క మాట మార్చి పంపండమ్మా. 'చర్య జరిగింది' అని. జిల్లా పరువు నిలబడుతుంది. మీ ప్రొబేషన్ ఫైలు కూడా ఇక్కడే ఉంది, చూస్తాను."

"నలభైమంది పిల్లలు కళ్ళతో చూశారు సార్. చూసింది చూసినట్టు రాయమని నేనే చెప్పాను. రేపు వీళ్ళలో ఎవరో ఒకరు ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేస్తారు. లేనిది ఉందని రాయడం ఇప్పుడు నేర్పితే అప్పుడు ఎవరిదో ప్రాణం మీదికొస్తుంది."

నాకు ఆవిడ మీద నిజంగా కోపం వచ్చింది. ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్న ఉద్యోగం, ఒక్క మాట దగ్గర మొండికేస్తే ఎవరికి నష్టం? రాగి వచ్చి ఈవిడ ఇంటిఅద్దె కడుతుందా? గుమ్మం దాకా వెళ్ళి ఇదే అన్నాను కూడా.

"కట్టదండీ," అంది ఆవిడ గొట్టాలు సంచిలో సర్దుకుంటూ. "కానీ అది చేయని పని చేసిందని నేనెలా రాయను?"

సారు వెనక్కి తగ్గే మనిషి కాదు. ఆ వారంలో నా సర్వీసులోకెల్లా గొప్ప ఉత్తర్వు రాశాను. ఇప్పటికీ కంఠతా వచ్చు. 'ప్రస్తుత చర్యాశీలత శ్రేణి అభ్యంతరములు ఆహ్వానించకుండగనే రూపొందించబడినట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినందున, పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా రాగికి హైడ్రోజన్‌పై స్థానమున తాత్కాలిక పదోన్నతి కల్పించబడినది. ఇందువలన రాగికి ఎట్టి అదనపు హక్కులూ సంక్రమించవు. హైడ్రోజన్‌కు అభ్యంతరమున్నచో గడువులోగా రాతపూర్వకముగా తెలుపుకొనవలెను.'

హైడ్రోజన్ నుంచి అభ్యంతరం రాలేదు.

ఉత్తర్వుని మా అటెండరు మస్తాన్ కంభాలపాడు తీసుకెళ్ళి, ప్రయోగశాలలో రాగి ముక్క ఎదుట నిలబడి, నిబంధన ప్రకారం బిగ్గరగా చదివి వినిపించాడు. తర్వాత దాన్ని ఆమ్లంలో వేశారు. మస్తాన్ సాయంత్రం దాకా కూర్చుని తిరిగొచ్చాడు.

"కదల్లేదు సార్. బంగారంలాగా కూచుంది," అన్నాడు.

"బంగారం పేరెత్తొద్దన్నానా?" అన్నారు సారు. తర్వాత నావైపు తిరిగారు. "చూశావా పరాంకుశం? ప్రమోషనిచ్చినా పనిచేయట్లేదు."

ప్రమోషన్ వచ్చాక పనిచేయకపోవడం మా శాఖలో కొత్తేమీ కాదు. కానీ వాళ్ళందరూ కనీసం పనిచేస్తున్నామని రాసి పంపుతారు. రాగి అదైనా చేయలేదు. ఇక విచారణ తప్పలేదు.

విచారణాధికారిగా నన్నే వేశారు. రాగిపై మూడు అభియోగాలు మోపబడినవి. విధి నిర్వహణలో అలసత్వం, ఉత్తర్వుల ధిక్కరణ, తోటి లోహాల నైతిక స్థైర్యాన్ని దెబ్బతీయడం. అభియోగ పత్రం తీసుకున్నట్టు సంతకం పెట్టదు కాబట్టి అదున్న సీసాకి అంటించి పంచనామా రాశాం.

విచారణ రోజున ప్రయోగశాల వరండాలో మస్తాన్ నిలబడి కోర్టు పద్ధతిలో "రాగీ" అని ముమ్మారు పిలిచాడు. కిటికీల్లోంచి ఆడపిల్లలు చూస్తున్నారు. వాళ్ళలో మా గోద కూడా ఉంది. చున్నీలో మొహం దాచుకుంది. నవ్వుకేమో అనుకున్నాను. సిగ్గుతో అని ఇంటికెళ్ళాక చెప్పింది.

'అభియుక్త లోహము హాజరైనది గానీ మౌనము వహించినది. మౌనము అంగీకారముగా పరిగణించబడినది' అని రాసుకున్నాను. తర్వాత సాక్షిగా ఎస్తేరు రాణి గారిని పిలిచాను.

"ఇది దేనికీ లొంగదా అండీ?" అని అడిగాను, మాటవరసకి.

ఆవిడ కాసేపు తటపటాయించింది. లేదని ఒక్క మాట అనేస్తే ఆ రోజుతో అంతా అయిపోయేది. ఆవిడకి ఆ సంగతి తెలుసు. అది ఆమె ముఖంలో కనపడుతూనే ఉంది.

"గాఢ నైట్రిక్ ఆమ్లంతో చర్య జరుపుతుందండీ," అంది చివరికి. "కానీ అది క్లాసులో చేసే ప్రయోగం కాదు. ఇటుకరంగు పొగ వస్తుంది. విషం. ఆ గాలి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. పిల్లలున్నచోట అస్సలు చేయకూడదు."

నేను మొదటి వాక్యం రాసుకుని సంతకం తీసుకున్నాను.

సారు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. చర్య అంటూ జరిగితే చాటుగా జరగకూడదన్నారు. మా ఆఫీసు సమావేశ మందిరంలో, ఏసీ వేసి, తలుపులు బిగించి, విలేకరుల సమక్షంలో బహిరంగ ప్రదర్శన. చప్పట్లు కొట్టడానికి కంభాలపాడు పదో తరగతి పిల్లలు. కుర్చీలకి పిల్లల పేర్లు నేనే రాసి అంటించాను. గోదకి మూడో వరసలో, ఫోటోలో బాగా పడే చోట వేశాను. తండ్రికి ఆమాత్రం ఉండదా.

ఎస్తేరు రాణి గారు రాతపూర్వకంగా హెచ్చరిక పంపింది. పొగ ఎలా ఉంటుందో, ఎంత ప్రమాదమో, ఆరుబయట చేసినా పెద్దవాళ్ళు ఎంత దూరంలో ఉండాలో, అన్నీ రాసింది. దాని మీద 'చూడబడినది' అని రాసి ఫైల్లో పెట్టాను. దానికి జవాబు రాకపోయేసరికి ఆవిడే మళ్ళీ వచ్చింది.

"పిల్లల్ని మాత్రం పంపను సార్."

"వాళ్ళు మీ పిల్లలు కారమ్మా, ప్రభుత్వ పాఠశాల పిల్లలు."

"అందుకేనండీ. వాళ్ళమ్మానాన్నలు బడికి పంపించారు, ఆ పొగలోకి కాదు."

"పంపకపోతే మీ మీద చర్య ఉంటుంది. ప్రొబేషన్లో ఉన్నారు. గుర్తుందిగా?"

"ఉందండీ," అంది. అయినా మాట మార్చుకోలేదు.

ప్రదర్శన రోజున మేం పంపిన బస్సు ఖాళీగా తిరిగొచ్చింది. టీచరమ్మ గేటుకి అడ్డంగా నిలబడిందనీ, తనని గుద్దుకుంటూ పోతే పొమ్మందనీ డ్రైవరు చెప్పాడు. పేర్లు అంటించిన కుర్చీలన్నీ ఖాళీ. నాకు ఒళ్ళు మండిపోయింది. చప్పట్లకి గుమాస్తాలను కూర్చోబెట్టాం.

సైన్సు టీచరు రానందువల్ల పోయడానికి ఆ బడి డ్రిల్లు మాస్టారు సింహాచలం గారిని పిలిపించాం. ఆయన ముక్కుకి జేబురుమాలు కట్టుకుని, రాగి ముక్కల మీద పెద్ద సీసాడు ఆమ్లం ఒంపారు. సారు మైకు అందుకున్నారు.

"చర్యకి అతీతులెవరూ ఉండరని ఈ జిల్లా," అంటుండగా గాజుపాత్ర సలసల కాగింది. అందులోంచి ఇటుకరంగు పొగ లేచి, అంచు దాటి టేబుల్ మీదకి, టేబుల్ మీంచి మొదటి వరస ఒళ్ళోకి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఏసీ ఆ పొగని గదంతా సమానంగా పంచింది. సారు ప్రసంగం ఆపలేదు. మధ్యమధ్య దగ్గుతూ 'చర్య' అన్న మాట వరకు రెండుసార్లు పలకగలిగారు. తర్వాత అందరం ఒక్కసారే తలుపు మీద పడ్డాం. విలేకరులు ప్రసంగం మధ్యలో తినుబండారాల దగ్గరికి పోకుండా తలుపుకి బయట గడియ పెట్టించింది నేనే. మస్తాన్ ఆ గడియ తీసేసరికి నాకు కళ్ళు కనపడటం మానేశాయి.

సారుని ఆస్పత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. నేను పక్క మంచం మీద దగ్గుతూ కూర్చున్నాను. మస్తాన్ వచ్చాడు.

"సార్, పాత్రలో నీలిపచ్చ నీళ్ళున్నాయి. రాగి లేదు. వెతికాను."

ఆక్సిజన్ ముసుగు పక్కకి జరిపి సారు "పరారీ" అన్నారు. అలాగే నమోదు చేయబడినది. రాగిపై తీవ్రమైన చర్య, రాగి పరారీలో ఉన్నది. చర్యాదర్శిని ఆ వరసని వెంటనే పచ్చగా మార్చింది.

మమ్మల్ని చూసిన డాక్టరు కుర్రవాడు. గదిలో పిల్లలెవరైనా ఉన్నారా అని అడిగాడు. లేరన్నాం. "బతికిపోయారు. ఈ పొగ చిన్నపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతే నేను చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు," అన్నాడు.

నాకు మూడో వరస గుర్తొచ్చింది. కుర్చీ వీపుకి నా చేత్తో అంటించిన కాగితం గుర్తొచ్చింది. ఇచ్చిన మందు తాగలేక గ్లాసు పక్కన పెట్టేశాను. దగ్గువల్ల అని నర్సుకి చెప్పాను. కాదు, భయమేసింది. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు.

సారు ఆస్పత్రి నుంచి రాగానే కమిటీ వేశారు. ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. రాగి దొరకలేదు. ఆమ్లం అయిపోయింది. అప్పుడు ఫైల్లోంచి ఎస్తేరు రాణి గారి హెచ్చరిక బయటపడింది. కమిటీ దాన్ని చదివి నిర్ఘాంతపోయింది. పొగ ఏ రంగులో వస్తుందో, పీలిస్తే ఏమవుతుందో, ముందుగానే ఇంత కచ్చితంగా ఆవిడకెలా తెలుసు? పైగా తన పిల్లల్ని మాత్రం రానివ్వలేదు. అంటే ఇది కుట్ర. అధికారులపై రాగి జరిపిన దాడికి ఆవిడ సహకరించిందని తేల్చారు.

సస్పెన్షన్ ఉత్తర్వు ఆ సాయంత్రమే వెళ్ళింది. రాసింది నేనే. చేయి అలవాటు కొద్దీ రాసుకుపోయింది.

ఇంట్లో గోద నాతో మాట్లాడటం మానేసింది. ఒకరోజు అన్నం వడ్డిస్తుంటే కంచం వెనక్కి జరిపింది.

"మమ్మల్ని బస్సెక్కనివ్వనందుకే కదా నాన్నా మేడమ్‌ని తీసేశారు?"

"తీసేయలేదమ్మా. చర్య తీసుకున్నారు."

"ఇప్పుడు మాకు సైన్సు డ్రిల్లు మాస్టారు చెప్తున్నారు. రాగి కూడా కరుగుతుందని రాసుకోమన్నారు. యాసిడ్ సీసా అసలు తెరవనే లేదు. అయినా మా బడికి పచ్చరంగొచ్చిందట."

నేను కంచం మళ్ళీ తనవైపు జరిపాను.

సస్పెన్షన్ తర్వాత అభియోగ పత్రం ఇవ్వాలి. అది అందితే ప్రొబేషన్లో ఉన్న మనిషి ఉద్యోగం పోయినట్టే. గడువులోగా ఇవ్వకపోతే మా నిబంధనల ప్రకారం సస్పెన్షన్ దానంతటదే రద్దయిపోతుంది, మనిషి తిరిగి డ్యూటీలో చేరిపోవచ్చు. మా ఆఫీసు చరిత్రలో గడువు దాటిన కేసు లేదు. చిత్తుప్రతులు రాసేది నేను కదా.

ఫైలు నా టేబుల్ మీదకొచ్చింది. 'సదరు ఉపాధ్యాయిని ప్రమాదమును ముందుగానే ఎరిగియుండి' దాకా రాశాను. తర్వాత నలభైమంది బాలికల గురించి రాయాలి. వాళ్ళు సభకి రాకపోవడం నేరంగా కనపడేలా ఒక వాక్యం కావాలి. అలాంటి వాక్యాలు నిద్రలో లేపి అడిగినా రాసిచ్చేవాణ్ణి. కలం పెట్టిన ప్రతిసారీ మా అమ్మాయి పేరున్న కుర్చీయే కళ్ళముందుకొచ్చింది. కాగితం చించేశాను. మర్నాడు ఇంకోటి చించాను. మూడోరోజు కాగితం తీయనే లేదు.

"ఆ టీచరమ్మ ఫైలేమైంది పరాంకుశం?" అని సారు అడిగారు.

"పరిశీలనలో ఉందండీ."

అబద్ధం కాదు. రోజూ ఉదయం ఫైలు తెరిచి, అట్టని చూసి, మూసేసేవాణ్ణి. సారు మళ్ళీ అడిగారు, మళ్ళీ పరిశీలనలోనే ఉంది. ఆయన అరిచారు. టేబుల్ గుద్దారు. నా సర్వీసంతా గుర్తుచేసి, ఇలాంటివాడివి ఎలా అయిపోయావయ్యా అని బాధపడ్డారు. నాకూ ఆయన మీద జాలేసింది. కానీ నేను కదల్లేదు. చర్యాదర్శినిలో మా జిల్లాకి ఎరుపు పడింది. ఈసారి ఆ వరసలో నా పేరుంది. షీల్డు పక్క జిల్లా వాళ్ళు పట్టుకుపోయారు.

గడువు దాటిన మర్నాడు ఉదయం ఆఫీసు తెరిచేసరికి ఎస్తేరు రాణి గారు వరండాలో నిలబడి ఉంది. చేతిలో అదే క్యారేజీ సంచి. బాగా చిక్కిపోయింది.

"నాకింకా ఏ కాగితమూ అందలేదండీ," అంది. "ఇవాళైనా ఇస్తారేమోనని వచ్చాను. ఏదో ఒకటి తెలిస్తే, వేరే పని వెతుక్కుంటాను."

"ఇక రాదండీ. గడువు దాటిపోయింది. మీరు వెళ్ళి డ్యూటీలో చేరండి."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. గోడకానుకుని నిలబడింది. కళ్ళు తుడుచుకుంది.

"మీకు చాలా రుణపడి ఉంటానండీ. నాకోసం మీరు..."

"నేనేమీ చేయలేదండీ," అన్నాను.

మొదటి పీరియడుకి టైమవుతోందని ఆవిడ బస్సుకి వెళ్ళిపోయింది.